గేమింగ్ గ్రూపుకి సొంత పాడ్‌కాస్ట్ కావాలా? లైవ్, షార్ట్స్, వాయిస్ రూమ్‌లతో పక్కపక్కన పెట్టి చూద్దాం

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల పిలకాయలు కలిసి నడుపుకునే గేమింగ్ గ్రూపు కాస్త నిలదొక్కుకోగానే ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు: "అన్నా, మనమే ఒక పాడ్‌కాస్ట్ పెడితే ఎట్టుంటుంది?" అప్పటికి రెండు మూడు స్క్వాడ్లు (నలుగురేసి జట్లు) గట్టిగా ఆడుతుంటాయి. మాట్లాడుకునేందుకు డిస్కార్డ్ యాప్‌లో సర్వర్ ఒకటి ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాటినా వాయిస్ నోట్లు ఆగవు. మాట్లాడేవాళ్లకు కొదవ లేదు, ఆ మాటలన్నీ గాల్లో కలిసిపోతున్నాయి, పట్టి దాచుకుంటే బాగుంటుందన్న ఆశ న్యాయమైనదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాడ్‌కాస్ట్ కొత్తవాళ్లను తెచ్చిపెట్టదు. ఉన్నవాళ్లు విడిపోకుండా చూస్తుంది. మీ గ్రూపుకి ఈ రెండింటిలో ఏది కొరతో తేల్చుకుంటే నిర్ణయం సగం అయిపోయినట్టే.

కొత్తవాళ్లు ఎందుకు రారంటే, ముక్కూ మొహం తెలియని నలుగురు ముప్పావు గంట మాట్లాడుకుంటుంటే వినాలని ఎవరికీ పుట్టదు. ఆ నలుగురిలో ఒకరైనా తెలిసుండాలి, లేదంటే వాళ్ల ఆటైనా చూసుండాలి. మన ఊళ్లలో పాట వినాలన్నా యూట్యూబే తెరిచేవాళ్లు బోలెడుమంది. అక్కడ కదలని బొమ్మ వెనక గంటసేపు నడిచే మాటల మీద కొత్తవాడి వేలు ఆగదు. ఆఖరి జోన్‌లో ఒక్కడే ముగ్గురిని పడగొట్టిన 40 సెకన్ల క్లిప్ దగ్గర ఆగుతుంది.

మరి ఉన్నవాళ్లను ఎట్టా నిలబెడుతుంది? ఇంటర్ దాకా కలిసి ఆడిన స్క్వాడ్ ఆ తర్వాత ఏమవుతుందో మనం చూస్తూనే ఉన్నాం. ఒకడు చెన్నైలో ఇంజనీరింగ్‌లో చేరతాడు, ఒకడు హైదరాబాద్ హాస్టల్‌కి పోతాడు. ఇంకొకడు కృష్ణపట్నం పోర్టులో షిఫ్టులు చేస్తుంటాడు, నాలుగోవాడు వాళ్ల నాన్నతో పాటు రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉంటాడు. నలుగురూ ఒకే టైముకి, ఆట మొదలయ్యే ముందు కలిసే లాబీలోకి రావడం ఇక కుదరదు. కానీ చెరువు గట్టు మీద ఉన్నవాడు నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుండగా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాత స్నేహితుల మాటలు వినగలడు. శనివారం పినాకిని రైల్లో ఇంటికొస్తున్నవాడూ వినగలడు. స్క్రీన్ చూసే తీరిక లేని మనిషికి చేరేది గొంతే. పైగా డేటా భారమూ తక్కువ. 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3 గంటకు 29 ఎంబీ కూడా దాటదు. అదే గంట వీడియో 2.5 ఎంబీపీఎస్ చొప్పున చూస్తే ఒక జీబీ పైనే అవుతుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే చెరువుల దగ్గర ఈ తేడా చాలా పెద్దది.

లైవ్ ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ ఓడుతుంది

మ్యాచ్ అనేది చూడాల్సిందే. మనమే తెరిచే కస్టమ్ రూమ్ టోర్నమెంట్లు, స్క్రిమ్స్ అనే సాధన మ్యాచ్‌లు, ఫైనల్ సర్కిల్... ఏం జరుగుతుందో తెలియని ఉత్కంఠ ఉన్నంతసేపే వాటికి ప్రాణం. ఇందులో లైవ్‌కి పోటీ లేదు. మీ గ్రూపు ముఖ్యంగా టోర్నమెంట్లు నడిపేదైతే పాడ్‌కాస్ట్ ఆలోచన పక్కన పెట్టి, ఉన్న ఓపికంతా లైవ్ మీద, మంచి కాస్టర్ (వ్యాఖ్యాత) గొంతు ఒకటి తయారు చేసుకోవడం మీద పెట్టండి. మన యాసలో, తడబడకుండా, ఆట తెలిసి మాట్లాడే కాస్టర్ దొరికితే పదహారు జట్ల చిన్న టోర్నమెంట్ కూడా పండగలా ఉంటుంది.

అయితే లైవ్ అడిగే ఖర్చు వేరు. 720పీ, 30 ఫ్రేముల స్ట్రీమ్‌కి యూట్యూబ్ సూచించే బిట్‌రేట్ 4 ఎంబీపీఎస్. అప్‌లోడ్ స్పీడ్ అంతకన్నా ఎక్కువ ఉండాలి, అదీ మధ్యలో పడిపోకుండా ఉండాలి. డౌన్‌లోడ్ స్పీడ్ చూసి మురిసిపోతే లాభం లేదు. ఆడే ఫోన్‌లోంచే స్ట్రీమ్ చేస్తే మన ఎండలకు ఫోన్ కాగిపోయి ఫ్రేములు పడిపోతాయి కాబట్టి స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియో పెట్టిన కంప్యూటర్ ఒకటి పక్కన ఉండాలి. ఓబీఎస్ ఉచితమే, కంప్యూటర్ కాదు. జట్లు ఎక్కడున్నాయో స్ట్రీమ్ చూసి కొట్టేవాళ్లు ఉంటారు కాబట్టి ప్రసారాన్ని కొన్ని నిమిషాలు ఆలస్యం చేయాలి. చాట్‌లో బూతులు తుడిచేందుకు ఇద్దరు కాపలా ఉండాలి. ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే ఛానెల్‌కి కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. 2025 జూలై 22 నుంచి సొంతంగా లైవ్ పెట్టేవాళ్ల కనీస వయసును యూట్యూబ్ 16 ఏళ్లకు పెంచింది. పదో తరగతి పిలకాయల చేతిలో నడుస్తున్న గ్రూపులు ఈ ఒక్క సంగతి చూసుకోకుండా ప్లాన్లు వేసుకోకూడదు.

మన వాతావరణం సంగతి కూడా చూడాలి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అట్టాంటి వారంలో కరెంటునీ నెట్‌నీ నమ్ముకుని ఫలానా రాత్రి ఎనిమిదింటికి లైవ్ అని పోస్టర్ వేయడం కష్టం. వచ్చి చూసి వెనక్కి పోయినవాళ్లు మళ్లీ రారు. పాడ్‌కాస్ట్‌కి ఈ బాధ లేదు. ముందే రికార్డు చేసి, అప్‌లోడ్ చేసి, తేదీ పెట్టేసిన ఎపిసోడ్లు రెండు చేతిలో ఉంటే ఇంట్లో కరెంటు లేకపోయినా దాని టైముకి అది విడుదలవుతుంది.

లైవ్ వేడివేడిగా వడ్డించాల్సింది. పాడ్‌కాస్ట్ మన చేపల పులుసు లాంటిది, చేసిన రోజు కన్నా మర్నాడే రుచి. మర్నాటికి రుచి పోయే సంగతి ఏదైనా పాడ్‌కాస్ట్‌కి పనికిరాదని నా లెక్క. కొత్త అప్‌డేట్‌లో ఏ తుపాకి డ్యామేజీ తగ్గింది, ఏ స్కిన్ వచ్చింది, ఈ వారం టోర్నమెంట్ ఎవరు గెలిచారు అనేవి ఎపిసోడ్ ఎడిట్ అయ్యేలోపే పాతబడతాయి. వాటికి వాట్సాప్ చాలు.

మరి నిలిచే మాటలు ఏంది?

ఇక్కడే మన దగ్గర గని ఉంది. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్‌ని నిషేధించినప్పుడు ఒక్క రోజులో క్లాన్లకు క్లాన్లే చెదిరిపోయాయి. 2021 జూలై 2న దాని బదులు మన దేశం కోసం చేసిన బీజీఎంఐ వచ్చింది. 2022 ఫిబ్రవరి 14న ఫ్రీ ఫైర్ పోయింది, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. అదే ఏడాది జూలై 28న బీజీఎంఐని ప్లేస్టోర్ నుంచీ యాప్‌స్టోర్ నుంచీ తీసేశారు. మళ్లీ 2023 మే నెలలో తిరిగొచ్చింది. ఈ తేదీలు ఎవరైనా వెతికి తెలుసుకుంటారు. ఆ రోజు మీ స్క్వాడ్‌లో ఎవరు ఏం చేశారు, ఆట లేని నెలల్లో ఎవరు పుస్తకాల్లో పడ్డారు, ఎవరు వేరే ఆటకు పోయి తిరిగి రాలేదు, తిరిగొచ్చిన రోజు లాబీలో మొదట వినపడిన గొంతు ఎవరిది అన్నది మాత్రం మీకే తెలుసు. దాన్ని మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పలేరు.

ఇంకా వెనక్కి పోతే, నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడినవాళ్లు ఇప్పుడు ముప్పై అయిదు, నలభై ఏళ్ల అన్నలు. వాళ్లలో కొందరి పిల్లలే ఇప్పుడు ఫోన్ కోసం మారాం చేస్తున్నారు. అట్టాంటి అన్న ఒకరిని కూర్చోబెట్టి రెండు వైపుల సంగతీ చెప్పించండి. ఇంకొక ఎపిసోడ్‌కి అమ్మల్లో ఒకరిని పిలవండి. ఫోన్ దాచిపెట్టిన అమ్మ ఎందుకు దాచిందో తన మాటల్లోనే చెప్తే, మధ్యలో ఎవరూ అడ్డు రాకుండా వింటే, అది ఏ మ్యాచ్ హైలైట్ కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ని బహుళ క్రీడల పోటీల్లో భాగంగా గుర్తించిందని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఇంట్లోవాళ్లకు ఆ మాట ఇంకా చేరలేదు. చేరాలంటే వాళ్లు కూడా మాట్లాడే చోటు ఒకటి ఉండాలి.

ఒక పరీక్ష పెట్టుకోండి. స్క్రీన్ చూపించకుండా, ఆట పేరు ఎత్తకుండా మీ గ్రూపు గురించి చెప్పుకోవాల్సిన కథలు ఆరు రాయండి. మూడు దగ్గరే పెన్ను ఆగిపోతే ఇప్పుడే పాడ్‌కాస్ట్ వద్దు. ఆరు దాటి ఇంకా వస్తుంటే చదువుతూ ముందుకు పోండి.

రికార్డు చేయని వాయిస్ రూమ్: మొదట ఇదే

డిస్కార్డ్‌లో వారానికి ఒక రాత్రి, ఒకే టైముకి, ఆట లేకుండా మాట్లాడుకోవడానికి ఒక గంట. వినేవాళ్లు ఎక్కువైతే స్టేజ్ ఛానెల్ పెట్టుకోవచ్చు, అందులో ఎవరు మాట్లాడాలో మోడరేటర్ చేతిలో ఉంటుంది. ఖర్చు సున్నా, ఎడిటింగ్ సున్నా.

చాలా గ్రూపులకు దీని అవసరం పాడ్‌కాస్ట్ కన్నా ఎక్కువ అని నా నమ్మకం. మైక్ ముందు రికార్డు అవుతోందంటే బిగుసుకుపోయే మనుషులు ఇక్కడ తేలిగ్గా మాట్లాడతారు. వినేవాడు మధ్యలో దూరి తన మాట చెప్పగలడు, పాడ్‌కాస్ట్‌లో అది కుదరదు. లోటు ఏందంటే ఆ రాత్రి లేనివాడికి ఏమీ మిగలదు. షిఫ్టులో ఉన్నవాడు ఎప్పుడూ బయటే ఉండిపోతాడు.

అందుకే ఒక నెల పాటు వాయిస్ రూమ్ నడపండి. మ్యాచ్ లేకపోయినా జనం వస్తున్నారా, గంట తర్వాత కూడా ఉంటున్నారా, మర్నాడు "నిన్న ఏం మాట్లాడుకున్నారు" అని రానివాళ్లు అడుగుతున్నారా చూడండి. ఆ మూడోదే అసలు గుర్తు. అడిగేవాళ్లు ఉంటేనే పాడ్‌కాస్ట్‌కి వినేవాళ్లు ఉన్నట్టు. ఎవరూ అడగకపోతే వాయిస్ రూమ్‌ని వాయిస్ రూమ్‌గానే ఉంచుకోండి, అదేమీ తక్కువ కాదు.

షార్ట్స్, రీల్స్ గురించి చెప్పాల్సింది తక్కువే. కొత్తవాళ్లు కావాలంటే ఇదే దారి. 2024 అక్టోబరు 15 నుంచి యూట్యూబ్ షార్ట్స్ మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చు, కానీ ఆట క్లిప్‌కి అంత అక్కర్లేదు. వారానికి రెండు మంచి క్లిప్పులు, కింద సర్వర్ లింకు, అంతే. వచ్చినవాళ్లు నిలబడతారని మాత్రం అనుకోవద్దు. క్లిప్ చూసి వచ్చినవాడు ఇంకో క్లిప్ చూసి వెళ్లిపోతాడు. వాణ్ణి నిలబెట్టే పని మళ్లీ వాయిస్ రూమ్‌దో పాడ్‌కాస్ట్‌దో అవుతుంది.

కెమెరాలు పెట్టి కూర్చునే వీడియో పాడ్‌కాస్ట్ చిన్న గ్రూపులకు నేను సిఫారసు చేయను. లైట్లు, గది, కెమెరాలు, ఎడిటింగ్ అన్నీ రెట్టింపు. పైగా ముఖం చూపించాలనగానే మాట్లాడగలిగినవాళ్లలో సగం మంది తప్పుకుంటారు. ఆ సగంలో ఎవరుంటారో కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

ముఖం లేని గొంతు

మన ఊళ్లలో ఆడే అమ్మాయిలు తక్కువేమీ కాదు, వినపడేవాళ్లు తక్కువ. లాబీలో మైక్ ఆన్ చేస్తే చాలు ఎవడో ఒకడు పిచ్చి మాటలు మొదలుపెడతాడని మైక్ ఆఫ్‌లో పెట్టి ఆడతారు, పేరు మార్చుకుని ఆడతారు. లైవ్‌లో చాట్ వాళ్ల కళ్ల ముందే పరుగెడుతుంటుంది. వీడియో అంటే ఇంట్లో ఒప్పుకోరు. ఆడియో పాడ్‌కాస్ట్ ఒక్కటే వాళ్లకు కాస్త నీడనిస్తుంది. గేమ్ పేరుతోనే రావచ్చు, వద్దనుకున్న మాట తీసేయించుకోవచ్చు, విడుదలకు ముందు ఒకసారి విని ఒప్పుకున్నాకే బయటకు వదలొచ్చు. పాడ్‌కాస్ట్ పెట్టడానికి నాకు తోచిన కారణాలన్నింటిలో గట్టిది ఇదే. మీ గ్రూపులో మైక్ ఆఫ్ చేసుకుని ఆడే అక్కలు, చెల్లెళ్లు ఉంటే వాళ్లను ముందు అడగండి. అతిథిగా పిలవడం కన్నా హోస్ట్‌గా కూర్చోమనడం ఇంకా మంచిది.

అయితే తెలిసినవాళ్లు గొంతు కూడా గుర్తుపడతారు. ఊరి పేరు, కాలేజీ పేరు, ఏ బస్సులో పోతారో ఇట్టాంటివి నోరు జారితే ఎడిటింగ్‌లో తీసేయడం ఎడిటర్ బాధ్యత. పద్దెనిమిది నిండని పిలకాయలు మాట్లాడుతుంటే ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఒప్పించాలి. గొప్ప కథ దొరికింది కదా అని దీన్ని దాటెయ్యకూడదు. వాయిస్ రూమ్‌లో మాట్లాడింది చెప్పకుండా రికార్డు చేసి ఎపిసోడ్‌లో పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు. అట్టాంటిది ఒక్కసారి జరిగితే గ్రూపులో నమ్మకం తిరిగి రాదు.

మన ఇళ్లలో రికార్డింగ్

వినేవాళ్లు ఆట తెలియకపోయినా ఓర్చుకుంటారు, చెవికి ఇబ్బందైతే ఓర్చుకోరు. ఖరీదైన మైక్ లేకపోయినా మంచి సౌండ్ వస్తుంది, కానీ మన ఇళ్ల సంగతి తెలుసుకుని చేయాలి.

మొదటి శత్రువు సీలింగ్ ఫ్యాన్. మే నెలలో ఒంగోలులో ఫ్యాన్ ఆపి గంట కూర్చోమంటే ఎవరూ కూర్చోలేరు. అందుకని ఇరవై నిమిషాల ముక్కలుగా రికార్డు చేయండి, మధ్యలో ఫ్యాన్ వేసుకుని మంచినీళ్లు తాగండి. టైల్స్ వేసిన ఖాళీ హాలులో గొంతు మోగుతుంది. పరుపు, బట్టల బీరువా, కర్టెన్లు ఉన్న చిన్న పడగ్గది మేలు. ట్రంకు రోడ్డు మీదో హైవే పక్కనో ఇల్లుంటే రాత్రి పది దాటాకే పని మొదలుపెట్టండి. చెరువు దగ్గర ఉన్నవాణ్ణి మాట్లాడించాలంటే ఏరేటర్ల చప్పుడు ఉంటుంది. అది మరీ గట్టిగా లేకపోతే అట్టే ఉంచండి, ఆ మనిషి ఎక్కడున్నాడో వినేవాడికి తెలుస్తుంది.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో రికార్డు చేయొద్దు. మైక్ వాడగానే చాలావాటిలో సౌండ్ ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది. వైరు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ నయం. నలుగురూ నాలుగు ఊళ్లలో ఉంటే కాల్‌లో మాట్లాడుకుంటూనే ఎవరి గొంతు వాళ్లు తమ ఫోన్‌లో విడిగా రికార్డు చేసుకోండి. ఇందుకు రెండో ఫోన్ ఉంటే మంచిది, కాల్ నడుస్తున్న ఫోన్‌లో రికార్డర్ సరిగా పనిచేయకపోవచ్చు. మొదట్లో అందరూ ఒకేసారి చప్పట్లు కొడితే తర్వాత ఆ చప్పుడు దగ్గర నాలుగు ఫైళ్లను కలపొచ్చు. నెట్ తెగి గొంతు ముక్కలైనా మీ ఫైలులో అది ఉండదు. ఇదంతా కష్టమనుకుంటే క్రెయిగ్ అనే డిస్కార్డ్ బాట్ ఒక్కొక్కరి గొంతునీ విడి ట్రాక్‌గా రికార్డు చేసి ఇస్తుంది, కాకపోతే నెట్ ఎట్టా ఉంటే సౌండ్ అట్టా ఉంటుంది. ఎడిటింగ్‌కి ఆడాసిటీ ఉచితం. అందరి గొంతులూ కలపకముందే ఒక్కొక్కరి ట్రాక్‌ని అందులోని లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినపడే గట్టిదనం కొలత) దగ్గరకు తెస్తే ఒకరి గొంతు మెల్లగా, ఇంకొకరిది చెవులు పగిలేలా ఉండదు. నాలుగు వేల లోపు యూఎస్‌బీ మైక్ ఒకటి తర్వాత ఎప్పుడైనా కొనొచ్చు, మొదటి సీజన్‌కి అవసరం లేదు.

సినిమా పాట బిట్లు వెనకాల పెట్టొద్దు. యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, మిగతా చోట్ల ఎపిసోడే తీసేయొచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది. అంతకన్నా గ్రూపులో కీబోర్డో తబలానో వాయించేవాళ్లు ఉంటే పది సెకన్లు వాళ్లతోనే వాయించుకోండి.

అసలు ఖర్చు టైము. గంట మాటలు ఎడిట్ చేయడానికి కొత్తలో మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ పని ఎప్పుడూ ఒక్కడి మీదే పడితే వాడు నాలుగో ఎపిసోడ్‌కి ఫోన్ ఎత్తడు. ఎడిటింగ్ తెలిసినవాళ్లు కనీసం ఇద్దరు లేకుండా మొదలుపెట్టొద్దని నేను గట్టిగా చెప్తాను.

డబ్బులొస్తాయా అని అడిగేవాళ్లకు

యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైము గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. జిల్లా స్థాయి గ్రూపు పాడ్‌కాస్ట్‌తో దీన్ని అందుకోవడం చాలా కష్టం. డబ్బు కోసమే అయితే ఇది దారి కాదు.

డబ్బు ఎర చూపేవాళ్లు మాత్రం వేరే వైపు నుంచి వస్తారు. కాస్త పేరొచ్చిన గేమింగ్ పేజీకి బెట్టింగ్ యాప్‌లవాళ్లు, రంగు ఊహించి పందెం కాయించే కలర్ ప్రిడిక్షన్‌వాళ్లు మెసేజ్ పెట్టి "రెండు నిమిషాలు మా గురించి చెప్పండి చాలు" అంటారు. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2020లోనే నిషేధం వచ్చింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం ఈ-స్పోర్ట్స్‌ని గుర్తిస్తూనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. వాటికి ప్రచారం చేసినవాళ్లకు కూడా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడే వీలుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన గొంతు నమ్మి తమ్ముడి లాంటివాడు ఇంట్లో డబ్బు తీసి అందులో పోగొట్టుకుంటే ఆ బాధ్యత మనదే. ఈ విషయంలో గ్రూపంతా ముందే ఒక మాట మీద ఉండాలి. ఊళ్లో మొబైల్ షాపు, బిర్యానీ సెంటర్, గేమింగ్ కేఫ్ లాంటివాళ్లు చిన్న సాయం చేస్తామంటే సంతోషంగా తీసుకోండి, వాళ్ల పేరు ఎపిసోడ్ మొదట్లో చెప్పండి.

ఎవరికి ఏది

అందరూ ఒకే ఊళ్లో ఉండి సాయంత్రం టీ కొట్టు దగ్గర కలుస్తుంటే పాడ్‌కాస్ట్ అక్కర్లేదు, మాటలు అక్కడే అయిపోతున్నాయి. టోర్నమెంట్ల గ్రూపుకి లైవ్. ఇప్పుడిప్పుడే మొదలై జనం కోసం చూస్తున్న గ్రూపుకి షార్ట్స్, పక్కనే వాయిస్ రూమ్. అడ్మిన్ల మధ్య గొడవ నడుస్తున్న గ్రూపు ఏదీ మొదలుపెట్టొద్దు. రికార్డింగ్ పని గొడవను తీర్చదు, పదిమందికీ వినిపిస్తుంది.

కలిసి కొన్నేళ్లు ఆడి, ఇప్పుడు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లకు చెదిరిపోయి, వాట్సాప్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలకే మిగిలిన గ్రూపు మీదైతే, ఆరు కథలు రాయగలిగితే, ఇద్దరు ఎడిటర్లు ఉంటే, పాడ్‌కాస్ట్ పెట్టండి. వారం వారం అని మాట ఇవ్వొద్దు. ఆరు ఎపిసోడ్ల సీజన్ ఒకటి చేసి ఆపండి. మళ్లీ చేయాలనిపిస్తే రెండోది. వందమంది వింటే చాలదా అని అడిగే హోస్ట్ దొరికితే మీ అదృష్టం, ఎందుకంటే పాత సభ్యుల్లో వంద మంది వినడమంటే చెదిరిన గ్రూపు మళ్లీ ఒకచోట చేరినట్టు.

ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చిక్కేమీ కాదు. స్పాటిఫై ఫర్ క్రియేటర్స్‌లో ఉచితంగా హోస్ట్ చేసుకుని, అక్కడొచ్చే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌ని (కొత్త ఎపిసోడ్లను యాప్‌లకు అందించే లింకు) మిగతా యాప్‌లకు ఇవ్వొచ్చు. యూట్యూబ్‌లో ఒక ప్లేలిస్టుని పాడ్‌కాస్ట్‌గా గుర్తు పెట్టి అవే ఎపిసోడ్లు అక్కడా పెట్టండి, మనవాళ్లు ముందు వెతికేది అక్కడే. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ మూతపడింది, కానీ సొంత ఫీడ్ ఉన్న కార్యక్రమాలు మిగతా యాప్‌లలో యథాతథంగా వినపడుతూనే ఉన్నాయి. కాబట్టి ఫీడ్ మీ చేతిలో ఉండాలి. ఖాతా ఒకరి సొంత మెయిల్‌తో కాకుండా గ్రూపు కోసం తెరిచిన మెయిల్‌తో పెట్టండి, ఫీడ్‌లో ఆ మెయిల్ బయటకు కనపడే వీలుంది. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి. ఎడిట్ చేయని అసలు ఫైళ్లు ఒక హార్డ్ డిస్క్‌లో దాచండి.

రికార్డింగ్‌కి సంక్రాంతి కన్నా మంచి సమయం లేదు. చెదిరినవాళ్లందరూ ఆ నాలుగు రోజులు ఇళ్లకొస్తారు, ఎండ ఉండదు కాబట్టి ఫ్యాన్ ఆపినా కూర్చోవచ్చు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడితే కాల్‌లో రాని నవ్వులు వస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో వాయిస్ రూమ్ నడిపి ఏ కథలు పండుతున్నాయో చూసుకోండి. భోగి ముందు రోజుకల్లా ఆరింటికీ ఎవరెవరు మాట్లాడాలో ఖాయం చేసి, కనుమ లోపల నాలుగైనా రికార్డు చేసేయండి. మిగిలిన రెండూ ఫోన్లలో అవుతాయి. మార్చిలో ఇంటర్, పది పరీక్షలుంటాయి, ఆ నెలంతా ఏమీ విడుదల చేయొద్దు. మీ ఎడిటర్లలో ఒకరు పరీక్షలు రాసేవాళ్లే అయితే ఫిబ్రవరి మొదట్లోనే వాళ్లకు సెలవివ్వండి. ఏప్రిల్లో పరీక్షలయ్యాక వారానికొకటి చొప్పున మొదలుపెడితే, సెలవుల్లో ఊళ్లో ఉన్న పిలకాయలూ, ఊరికి రాలేక వేరే చోట పనుల్లో ఉన్న అన్నలూ ఒకే వారంలో ఒకే ఎపిసోడ్ వింటారు.